వదిలేసిన చరణం

డాక్టరమ్మ రిపోర్టు చదివి, చీటీ మీద ఏదో రాస్తూ, "మీరేం చేస్తుంటారు?" అని అడిగింది.

"పాడతానండీ," అంది జ్యోతిర్మయి.

రాస్తున్న పెన్ను ఆగింది. ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పినదంతా నెమ్మదిగానే చెప్పింది. గొంతులో థైరాయిడ్ గడ్డ నాలుగు సెంటీమీటర్లుంది. సూదితో తీసిన పరీక్షలో అనుమానంగా ఉందని వచ్చింది. తీసెయ్యక తప్పదు. తీసేచోట దారప్పోగంత నరం ఒకటుంటుంది, గొంతు పలికేది దాని వల్లే. దాన్ని కాపాడుతూనే చేస్తారు. నూటికి తొంభై అయిదు మందికి ఏమీ కాదు.

"కానీ పాడేవాళ్ళకి ముందే చెప్పాలి. మామూలు మాట వచ్చేస్తుంది. పైస్థాయి మాత్రం మునుపటిలా రాకపోవచ్చు."

ఆపరేషన్ వచ్చే నెల ఆరో తేదీన. ఇంకా పందొమ్మిది రోజులు.

స్కూటర్ మీద ఇంటికొస్తుంటే భర్త కిరణ్‌కుమార్ ప్రతి సిగ్నల్ దగ్గరా వెనక్కి తిరిగి, "తొంభై అయిదు మందికి ఏం కాదన్నారుగా జ్యోతీ," అంటూనే ఉన్నాడు. ఆమె సరేనంది. మనసంతా మిగిలిన అయిదుగురి మీదే ఉంది.

కూచిపూడి నాట్యం చూడ్డానికి వచ్చేవాళ్ళలో జ్యోతిర్మయి ముఖం గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. వేదిక మీద ఓ పక్కన, తాళాలు వాయించే నాట్య గురువుగారి పక్కన కూర్చుని పాడే మనిషి ఆవిడ. లైట్లన్నీ నాట్యం చేసేవాళ్ళ మీదే ఉంటాయి. బెజవాడ వన్‌టౌన్‌లో వాళ్ళకి చీరల షాపుంది. పగలు అక్కడ చీరలు మడతలు పెడుతుంది, సాయంత్రాలు ప్రోగ్రాములకి వెళ్తుంది. యాభై ఏళ్ళ వయసులోనూ ఆమె గొంతు కింద ఎంత నిండుగా ఉండేదో పైన అంత తేలిగ్గా ఉండేది. ముఖ్యంగా పదాలు పాడమంటే చుట్టుపక్కల జిల్లాల్లో ఆమె పేరే చెప్పేవాళ్ళు.

పదాలంటే వెనకటి రోజుల్లో రాజుల కొలువుల్లోనూ, గుళ్ళలోనూ పాడిన ప్రేమపాటలు. వాటిలో ఎప్పుడూ ఒక ఆడమనిషి మాట్లాడుతుంటుంది. ఎదుటివాడు దొర కావచ్చు, దేవుడు కావచ్చు. ఆలస్యంగా వస్తాడు, వేరే ఇంటి నుంచి వస్తాడు, అబద్ధం ఆడతాడు. ఆమె ఏడుస్తుంది, ఎత్తిపొడుస్తుంది, ఒక్కోసారి క్షమిస్తుంది. కొలువులో అందరూ ఆయనకి దండం పెట్టేవాళ్ళే. పాటలో మాత్రం ఆయన ఆమె గడప ముందు నిలబడాలి.

జ్యోతిర్మయికి అలాంటి పదాలు పదకొండు వచ్చు. పదకొండూ ఒక్క మనిషి దగ్గరే నేర్చుకుంది.

ఆమె పుట్టింది పెడనలో. తండ్రి వెంకటప్పయ్య మగ్గం నేసేవాడు. ఆమెకి పదిహేనో ఏడు నడుస్తుండగా వీధి చివరి పెంకుటింట్లోకి సుబ్బరత్నం అనే ముసలావిడ అద్దెకు దిగింది. జాకెట్లు కుట్టి బతికేది. ఆవిడ తల్లి, అమ్మమ్మ ఒక జమీందారు దర్బారులో పాడినవాళ్ళు. జమీ పోయింది. పాటలు మిగిలాయి, వాటితోపాటు జనం పెట్టిన చెడ్డపేరూ మిగిలింది. ఆ పేరు తెలిసిన ఊరల్లా వదిలేస్తూ ఆవిడ పెడన దాకా వచ్చింది. జాకెట్టు కొలతలివ్వడానికి వెళ్ళిన జ్యోతిర్మయి, కుట్టుమిషను తొక్కుతూ ఆవిడ కూనిరాగం తీయడం విని, అక్కడే కూలబడింది. ఆరేళ్ళు రోజూ వెళ్ళింది. సుబ్బరత్నం దేన్నీ రాసుకోనిచ్చేది కాదు.

"కాగితం మీదికెక్కితే నోట్లోంచి దిగిపోతుందే," అనేది.

చివరిగా నేర్పింది బేగడ రాగంలో ఉన్న పదం. "మా వీధి మరచితివేమొ దొర, మరి యెవరు త్రోవ జూపిరో" అని మొదలవుతుంది. మొదటి రెండు చరణాల్లో మామూలు నిష్ఠూరమే. మూడో చరణంలో పాటలోని ఆడమనిషి ఒక్కసారిగా గొంతు మారుస్తుంది.

*కోటలో నీవేలు దొరవు, గడపలో నేనేలు దొరను,*
*బాట పొడవున భటులు నీకు, పడకటింటికి గడియ నాకు...*

ఇంకో రెండు పాదాలున్నాయి. నేర్పడం అయ్యాక సుబ్బరత్నం ఒక్క మాటే చెప్పింది. "ఈ చరణం కోసమే మిగతా పాటంతా. వదిలేసి పాడితే పాడినట్టు కాదు. పాడలేననిపిస్తే మొత్తానికే మానెయ్యి."

పెళ్ళైన ఏడాదికి కూచిపూడిలో పెద్ద సభ జరిగింది. జ్యోతిర్మయికి అది మొదటి పేరున్న అవకాశం. ముందు వరసలో అత్తగారు వెంకటరావమ్మ, ఆవిడ అక్కచెల్లెళ్ళు కూర్చున్నారు. నిర్వాహకుడొకాయన వచ్చి, "అమ్మా, అందరూ భక్తితో వింటారు. ఆఖరి చరణం దేవుడికి నప్పేలా లేదు, చూసుకోండి," అని చెప్పి వెళ్ళాడు. ఆయన వద్దని గట్టిగా కూడా అనలేదు. ఆమే భయపడింది. పడకటిల్లనే మాట అత్తగారి ఎదురుగా తన నోట ఎలా వస్తుందనుకుని, రెండో చరణం దగ్గరే పల్లవికి వచ్చేసి ముగించింది. చప్పట్లు మోగాయి. అప్పుడు చూసింది, వెనక స్తంభం పక్కన సుబ్బరత్నం నిలబడి ఉంది.

ప్రోగ్రాము అయ్యాక ఆవిడ వచ్చి, "భోంచేశావా?" అని మాత్రం అడిగింది. ఆఖరి బస్సుందని వెళ్ళిపోయింది. ఆ తర్వాత పదిహేనేళ్ళు బతికింది. జ్యోతిర్మయి వెళ్ళి చూసొస్తూనే ఉంది. ఒక్కనాడూ ఆవిడ ఆ మాటెత్తలేదు. మందలించినా బాగుండేదని జ్యోతిర్మయి ఎన్నోసార్లు అనుకుంది. పాటని మాత్రం చరణం లేకుండానే పాడుతూ వచ్చింది, ఇరవై ఏడేళ్ళు.

ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే శ్రుతిపెట్టె పెట్టుకుని కూర్చుంది. గొంతు ఉండగానే ఒక్కసారి ఆ చరణం పూర్తిగా పాడి, ఫోన్‌లో రికార్డు చేసి, కీర్తనకి ఇవ్వాలనుకుంది. కీర్తన నాట్యకారిణి, పాతికేళ్ళ పిల్ల. జ్యోతిర్మయి దగ్గర పాటా నేర్చుకుంటోంది. ఇంకో రెండు వారాల్లో తన నాట్యంలో ఈ పదమే చేయబోతోంది.

కోట పాదం పాడింది. బాట పాదం పాడింది. మూడో పాదం రాలేదు.

మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఈసారి కూడా అక్కడికి రాగానే ఖాళీ. నాలుగోది వచ్చింది. *మాట తప్పిన మోవి ముద్దుకు మరల ఈ తలుపేల తెరతు.* మధ్యలో ఒక పాదం మొత్తం లేదు. రాగం ఎటు తిరుగుతుందో తెలుసు, ఎక్కడ ఆగుతుందో తెలుసు, మాటలే లేవు. కోట, బాట, మాట. ప్రాస ప్రకారం రెండో అక్షరం 'ట' అయి తీరాలి. తోట, వేట, మూట, పాట, పూట అని ఒక్కొక్కటీ నోట్లో వేసుకుని చూసింది. ఏదీ పక్క మాటని లాక్కురాలేదు. వంటింట్లో కుక్కరు ఎన్ని కూతలు వేసిందో లెక్కలేదు. పప్పు మాడిన వాసనకి అత్తగారు వచ్చి స్టవ్ కట్టేసింది.

ఆ వారం ఆమె ఏ పని చేస్తున్నా పెదవులు కదులుతూనే ఉన్నాయి. మెడ మీద చెయ్యి వేసుకుని గడ్డ తడుముకోవడం అలవాటైపోయింది. రోజుకి నాలుగుసార్లు పైషడ్జం, అంటే పై 'స', పాడి చూసుకునేది, అప్పుడే పోయిందేమోనన్నట్టు. పెడనలో తమ్ముడికి ఫోన్ చేసింది. సుబ్బరత్నం దగ్గర ఇంకెవరూ పాట నేర్చుకోలేదన్నాడు.

కీర్తనతో చెప్పక తప్పలేదు.

"మీరే ఒక లైను రాసెయ్యండి ఆంటీ," అంది కీర్తన తేలిగ్గా. "ప్రాస కుదిరితే చాలుగా. ఎవరికి తెలుస్తుంది?"

జ్యోతిర్మయి రాసింది కూడా. "తోటలో పువ్వులవి నీకు" అని మొదలుపెట్టి ఒక పాదం కట్టి పాడింది. తాళానికి సరిపోయింది. కీర్తన బాగుందంది. కానీ అది పాడుతున్నంతసేపూ జ్యోతిర్మయికి ఆ స్తంభం పక్కన నిలబడ్డ మనిషే కనిపించింది. ఒకసారి వదిలేశాను, ఇప్పుడు దొంగ మాట కూడా పెడతానా అనుకుని ఆ కాగితం చింపేసింది.

అప్పుడు గుర్తొచ్చాడు హనుమయ్య. సుబ్బరత్నం చెల్లెలి కొడుకు. తల్లి చిన్నప్పుడే పోతే సుబ్బరత్నమే పెంచింది. జ్యోతిర్మయి పాట నేర్చుకునే రోజులకే బెజవాడలో పనికి కుదిరి, పండగలకి వచ్చిపోయేవాడు. ఇప్పుడు ఆటోనగర్‌లో సొంతంగా లేత్ షెడ్డు నడుపుతున్నాడని ఎవరో చెప్పగా విన్నది. షాపు పని మీద వెళ్తున్నానని చెప్పి, ఒక్కతే ఆటో ఎక్కింది.

షెడ్డులో లారీ ఇంజన్ ముక్కని సాన పడుతున్నారు. చెవులు చిల్లులు పడేలా ఉంది. అరవైకి దగ్గర్లో ఉన్న మనిషి, నెరిసిన జుట్టు, చేతులకి గ్రీజు. ఆమె ఫలానా అని చెప్పి సుబ్బరత్నం పేరెత్తగానే, ఆయన వెనక్కి తిరిగి పనివాళ్ళ వంక చూశాడు. చేతులు తుడుచుకుంటూ, "బయటికి రండమ్మా," అన్నాడు.

బయట, విడదీసిన లారీ క్యాబిన్ నీడలో నిలబడి ఆమె అంతా చెప్పింది. ఆపరేషన్ సంగతీ, పోయిన పాదం సంగతీ. ఆయన అడ్డు రాకుండా విన్నాడు.

"నాకు పాటలు రావమ్మా," అన్నాడు చివరికి. "వచ్చినా రావనే చెప్తాను. మా కోడలి పుట్టింటివాళ్ళు కంకిపాడులో పరువుగా బతికే రైతులు. మా పెద్దమ్మ ఫోటో మా ఇంట్లో హాల్లో ఉండదు, బీరువాలో ఉంటుంది. మీరు స్టేజి మీద ఆవిడ పేరు చెప్తారు. ఎవరో ఆరా తీస్తారు. రేపు నా మనవరాలిని బళ్ళో ఏదో ఒకటి అంటారు. మీరు అక్కడ ఉండరుగా."

"పేరు చెప్పనండీ. ఒట్టు. ఆ ఒక్క పాదం..."

"అదేమిటో మీకే తెలియనప్పుడు నాకెలా తెలుస్తుంది?"

ఆమె ఆ రొదలోనే, గుర్తున్న మూడు పాదాలూ మాటలుగా చెప్పింది. ఆయన తల వంచుకుని విన్నాడు. పడకటింటికి గడియ అన్నచోట మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఇలాంటివా మీకు నేర్పింది," అన్నాడు. అది కోపమో, మరొకటో ఆమెకి తెలియలేదు. "ఎవరైనా అడిగితే షాపు వ్యాను రిపేరుకి వచ్చానని చెప్పండమ్మా," అని, ఆమె అందించిన షాపు కార్డు జేబులో పెట్టుకుని లోపలికెళ్ళిపోయాడు.

తిరిగొస్తూ ఆటోలో ఆమెకి ఏడుపొచ్చింది. పాదం దొరకనందుకు కాదు. ఆయన భయం అచ్చం తన భయమే. తను ఒక చరణం దాచింది, ఆయన మనిషినే బీరువాలో దాచాడు. ఇద్దరూ ఎవరికి భయపడ్డారో ఆ జనంలో ఒక్కరు కూడా నిజంగా వచ్చి అడిగిందీ లేదు.

ఆ సాయంత్రం భర్తకి చెప్పేసింది. కిరణ్‌కుమార్‌కి పాటలో మొదటి ముక్క కూడా తెలియదు. చరణానికి అర్థం చెప్పించుకున్నాడు.

"అంటే ఆయన రాజైనా సరే, తలుపు ఆవిడదే అంటోంది. అంతేగా. ఇందులో ఏముందని ఇన్నాళ్ళూ మానేశావు?"

"అత్తయ్యగారు..."

"అమ్మ ఏమంటుందో నేను చెప్పలేను," అన్నాడు నిజాయితీగా. "అంటే పడాల్సిందే. నేను పక్కనుంటాలే."

ప్రోగ్రాముకి మూడు రోజులుందనగా, ఉదయం షాపు తెరిచే వేళకి ఫోన్ మోగింది. హనుమయ్య. వెనక మిషన్ల చప్పుడు లేదు.

"పాట కాదమ్మా అది," అంటూ మొదలుపెట్టాడు, ఎవరో తప్పు పట్టినట్టు. "మేం పెడన రాకముందు ఒక ఊళ్ళో ఉండేవాళ్ళం. ఇంటి యజమాని ఊరికే వచ్చి గడప మీద కూర్చునేవాడు. లేచేవాడు కాదు. మా పెద్దమ్మ నవ్వుతూనే ఒక మాట అనేది. దాంతో లేచి పోయేవాడు. పాలవాడు కబుర్లు పెట్టుకున్నా అదే మాట. నేను సామెత అనుకున్నాను. షెడ్డులో కస్టమర్లు పనయ్యాక కూడా కదలకపోతే నేనూ అంటాను. నలభై ఏళ్ళ నుంచీ అంటున్నాను. మొన్న మీరు కోట, బాట అని చెప్తుంటే ఎక్కడో తగిలింది. చెప్పాలా వద్దా అని నాలుగు రోజులు చూశాను."

"ఏమిటండీ ఆ మాట?" ఆమె చేతిలో చీర మడత అలాగే ఉండిపోయింది.

"పూట నీదని వచ్చినావు, పొమ్మనే ఆ పూట నాది."

అది చెవిన పడగానే రాగం దానంతట అది దాని మీదికి వచ్చి కూర్చుంది. *పొమ్మనే* దగ్గర గొంతు పైకి లేచి, *పూట* మీద మెల్లగా దిగాలి. సుబ్బరత్నం అక్కడ మిషను తొక్కడం ఆపేది.

"ఇదేనండీ," అంది. "ఇదే."

"పేరు మాత్రం వద్దమ్మా," అని, ఇంకేదో అనబోయి, ఆయన ఫోన్ పెట్టేశాడు.

ప్రోగ్రాము బెజవాడలోనే, ఒక చిన్న హాల్లో. రెండొందల మంది ఉంటారు. వెంకటరావమ్మగారు కొడుకు పక్కన ముందు వరసలోనే కూర్చుంది. ఆవిడకి ఇప్పుడు డెబ్భై ఎనిమిది. పొద్దుట్నుంచీ జ్యోతిర్మయి గొంతు గరగరలాడుతోంది. గడ్డ వల్లో భయం వల్లో తెలియదు. మైకు ముందుకు జరుపుకుని, "ఈ పదం నాకు నేర్పిన గురువుగారి పేరు చెప్పడానికి అనుమతి లేదు. ఆవిడ నేర్పినట్టు పూర్తిగా పాడటం మాత్రం ఇదే మొదటిసారి," అంది.

పల్లవి, రెండు చరణాలు ఎప్పటిలా జరిగాయి. మూడో చరణం ఎత్తుకోగానే హాల్లో ఒక కదలిక. పడకటిల్లన్నచోట ఎవరో ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. కీర్తన అభినయంలో తలుపు గడియ వేసింది. మూడో పాదంలో, *పొమ్మనే* అని పైకి వెళ్ళబోతే జ్యోతిర్మయి గొంతు ఒక్క క్షణం చీలింది. ఆపకుండా మళ్ళీ అదే పాదం ఎత్తుకుంది. రెండోసారి వెళ్ళింది. మూడోసారి ఇంకా నెమ్మదిగా, తొందరేమీ లేనట్టు, పాడింది. అప్పటికి నవ్వులు లేవు. ఎవరూ కదల్లేదు కూడా. నాలుగో పాదం నుంచి పల్లవికి వచ్చేసరికి ఆమె జాకెట్టు వీపంతా తడిసిపోయింది.

అందరికీ నచ్చిందని చెప్పలేం. ఒక పెద్దాయన కీర్తన దగ్గరికొచ్చి, దైవాన్ని ఇంత పలచన చెయ్యకూడదని చెప్పి వెళ్ళాడు. ఇద్దరు ముగ్గురు ఆ చరణం మళ్ళీ చెప్పించుకుని ఫోన్లలో రాసుకున్నారు. వెంకటరావమ్మగారు రెండు రోజులు కోడలితో మాట్లాడలేదు. మూడోనాడు పొద్దున్న మిరియాల చారు కాచి గ్లాసుతో తెచ్చి పెట్టి, "గొంతుకి మంచిది, వేడిగా తాగు," అంది. ఆ చరణం గురించి తర్వాత కూడా ఏమీ అనలేదు. ఆవిడకి నచ్చలేదని జ్యోతిర్మయికి తెలుసు. అయినా ఇల్లు కూలిపోలేదు.

ఆరో తేదీన ఆపరేషన్ అయింది. మత్తు దిగుతుండగా నర్సు పేరడిగింది. జ్యోతిర్మయి చెప్పింది గానీ గాలి తప్ప ఏమీ రాలేదు. పక్కనున్న కిరణ్‌కుమార్ తనే పేరు చెప్పాడు. గడ్డలో క్యాన్సర్ ఉందనీ, అది మొత్తం వచ్చేసిందనీ, ప్రాణానికి భయం లేదనీ వారం తర్వాత తెలిసింది. గొంతు విషయంలో డాక్టరమ్మ, "ఒక పక్క నరం బద్ధకంగా కదులుతోంది. ఆరు నెలలు చూద్దాం," అంది.

మూడు వారాలకి మాట బొంగురుగా వచ్చింది. రెండు నెలలకి మనుషులు ఫోన్‌లో గుర్తుపట్టే గొంతు అయింది. పాటలో మాత్రం, మునుపు ఐదు శ్రుతిలో పాడిన మనిషి ఇప్పుడు రెండుకి దిగాల్సి వచ్చింది. ప్రోగ్రాములు కీర్తన స్నేహితురాలికి అప్పజెప్పింది. షాపు పైగదిలో ఆదివారాలు నలుగురికి పదాలు నేర్పుతోంది. తను కింద స్థాయిలో చూపిస్తే వాళ్ళు పైన పాడుకుంటారు. బేగడ పదం మూడో చరణంతోనే మొదలుపెట్టి నేర్పుతుంది. రాసుకుంటామంటే వద్దనదు.

హనుమయ్య ఒకసారి షాపుకొచ్చాడు. మనవరాలి పుట్టినరోజుకి పట్టులంగా బట్ట కావాలన్నాడు. పైగదిలోంచి పాట వినపడుతుంటే మెట్ల వైపు చూస్తూ కాసేపు నిలబడ్డాడు. పిల్ల ఎనిమిదేళ్ళదనీ, గొంతు బాగుంటుందనీ చెప్పాడు. ఆదివారాలు పంపమని జ్యోతిర్మయి అంది. ఆయన ఆలోచిస్తానన్నాడు. ఇప్పటిదాకా పంపలేదు.

రోజూ ఉదయం ఆమె గోరువెచ్చని నీళ్ళు తాగి, శ్రుతిపెట్టె పెట్టుకుని, షడ్జం దగ్గర మొదలుపెట్టి ఒక్కో స్వరమే పైకి ఎక్కుతుంది. ఎంతదాకా వెళ్తుందో తెలియని భయం రోజూ కొత్తగానే ఉంటుంది. నిన్న ధైవతం దాకా వెళ్ళింది. దాని మీది నిషాదం దగ్గర సన్నగా గాలి వచ్చింది. అక్కడితో ఆపేసి, టిఫిను బాక్సులు కట్టుకుని షాపుకి వెళ్ళిపోయింది.